మామగారి పేరున్న దావా

సైరగుల్ నోరు మూతపడగా చూసినవాళ్ళు ఆమె పుట్టింట్లో ఒక్కరూ లేరు. నరిన్ కొండల్లో పుట్టిన ఆ పిల్లని బడిలో ఏ పండగొచ్చినా టీచర్లు ముందుగా వేదిక మీదికి తోసేవాళ్ళు. తర్వాత కిందికి దింపడానికి నానా తంటాలు పడేవాళ్ళు. ఒకసారి పక్కింటివాళ్ళ గుర్రం వీళ్ళ గడ్డివాము తినేసిందని గొడవైతే, చిన్నపిల్ల పెద్దల మధ్యకి వెళ్ళి గుర్రం తరఫున మాట్లాడి వచ్చింది.

"గుర్రం తరఫునా? తిన్నది మన గడ్డే, నీ దుంపతెగ!" అని తండ్రి నెత్తి కొట్టుకున్నాడు.

"కట్టేసుకోనిది వాళ్ళు నాన్నా. దానికి ఆకలేసింది, తింది. దాని తప్పేముంది?"

లా చదువుకి తప్ప ఇది దేనికీ పనికిరాదని ఇంట్లో ఆ రోజే తేలిపోయింది. రాజధాని బిష్కెక్‌కి పంపించారు. అక్కడ చదువు ఇంకా పూర్తి కాకుండానే మిర్లాన్ అనే కుర్రాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. మిర్లాన్ బంగారం లాంటి మనిషి. ఇళ్ళకి టైల్స్ వేస్తాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ ఇంట్లో మిగిలిపోయిన మాటలన్నీ తనే మాట్లాడుకోవచ్చని సైరగుల్ సంబరపడింది. పిచ్చిపిల్ల, మిర్లాన్ ఆ ఇంటి ఆఖరి కొడుకన్న సంగతి మరిచిపోయింది. ఆఖరి కొడుకంటే అమ్మానాన్నలతోనే కాపురం. అమ్మంటే ఉరుమ్‌కాన్.

ఉరుమ్‌కాన్ కోడలిగా ఆ గడప తొక్కి నలభై ఏళ్ళు. కోడలన్నది తల మీద రుమాలు జారనివ్వకూడదు, పెద్దల కళ్ళలోకి సూటిగా చూడకూడదు, ఎవరి కప్పు ఖాళీ అయినా చెప్పించుకోకుండా టీ పోయాలి, అన్నిటికీ మించి అత్తింటి పెద్దల పేర్లు నోట పలకకూడదు. ఇవన్నీ ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఆవిడ మామగారు, ఆ పుణ్యాత్ముడు పోయి చాలాకాలమైంది, ఆయన పేరుకి రాయి అని అర్థం. అంతే, ఆనాటి నుంచీ ఆవిడ నోట రాయి అన్న మాట రాలేదు. బియ్యంలో "గట్టిది" తగిలిందంటుంది. ఒకసారి నడుం నొప్పితో ఆసుపత్రికి వెళ్ళి, నా లోపల గట్టిది ఉంది డాక్టరుగారూ, బయటికి రావట్లేదు అని చెప్పుకుంటే, ఆ డాక్టరు మలబద్ధకానికి మందు రాసిచ్చి పంపాడు. ఆవిడ అది తాగి, నానా అవస్థా పడి, అప్పుడు కూడా రాయి అనలేదు. ఇక కట్టుకున్న మొగుడి పేరంటారా, అసలు ఆ ఊసే లేదు. ఎదురుగా ఉంటే "ఏవండీ", లేకపోతే "పిల్లల నాన్న".

ఆయన పేరు జోల్చుబెక్. వెనకటికి లారీ నడిపేవాడు, ఇప్పుడు బజార్లో కర్టెన్ల దుకాణం పెట్టుకున్నాడు. సాధుజీవి. టీ చల్లారిపోయినా ఎవరినీ ఏమీ అనడు.

దుకాణంలో రోజంతా నిలబడేది ఉరుమ్‌కానే. ఆవిడకి మోకాళ్ళు అరిగిపోయాయి. అందుకని ఒకరోజు భోజనాల దగ్గర తేల్చి చెప్పేసింది.

"ఆకురాలే కాలం నుంచి కోడలు దుకాణంలో కూచుంటుంది. చదివింది చాలు. ఇంకో ఏడాది చదివి ఏం ఉద్ధరించాలంట? ఈవిడ కాలేజీలో చేసేదేంటో తెలుసా మీకు? ఉత్తుత్తి కోర్టు పెట్టుకుని, ఉత్తుత్తి లాయర్లు ఉత్తుత్తి జడ్జీల ముందు అరుచుకుంటారు. నేను విన్నాలెండి."

అత్తగారు చెప్పింది మూట్ కోర్టు గురించి. దేశంలో ఉన్న లా కాలేజీల పిల్లలంతా ఏటా ఒకచోట చేరి, లేని కేసు మీద ఉన్న ప్రాణమంతా పెట్టి వాదించుకునే పోటీ అది. ఆ ఏడాది కాలేజీ జట్టులో సైరగుల్ ఉంది. ఉన్న సంగతి చెప్పుకోవడానికి మంచి సమయం కోసం చూస్తుంటే, సమయం ఇలా వచ్చిపడింది.

జోల్చుబెక్ మీసం తుడుచుకుని అన్నాడు. "కోర్టు సంగతి నాకు తెలుసు. ఆ కంచె తగాదాలో ఒకసారి ఎక్కాను కదా. ఓడిపోయాననుకో, అది వేరే మాట. కానీ అక్కడ మాట్లాడ్డమంటే మాటలు కాదు. అమ్మాయ్, నీ పోటీకి నేనొచ్చి చూస్తాను. అది నిజమైన పనే అనిపిస్తే చదువు పూర్తి చేద్దువుగాని. పిల్లలాటైతే మీ అత్త చెప్పినట్టే దుకాణం. సరేనా?"

"సరే మావయ్యా" అంది సైరగుల్, టీ కప్పు కేసి చూస్తూ.

"ఫైనల్‌కి వస్తేనే చూడ్డానికి వెళ్దాం. మొదటి రోజే ఓడిపోయేదానికి పెట్రోలు దండగ" అంది ఉరుమ్‌కాన్.

అలా తాడో పేడో తేలే వ్యవహారం అయింది. ఆ వారమే కేసు కాగితాలు వచ్చాయి. కొండల్లో ఒక బంగారు గని. దాని దుమ్ము పడి పచ్చిక పాడైపోయిందనీ, తన గొర్రెలు చచ్చిపోయాయనీ ఒక కాపరి దావా వేశాడు. కాదు, నీ గొర్రెలకి ముందే రోగం ఉంది, ఆ సంగతి దాచిపెట్టావని గని కంపెనీ అంటుంది. రెండు వైపులా వాదించడానికి సిద్ధపడాలి, ఎవరు ఎటన్నది చీటీ తీసి చెబుతారు. సైరగుల్ మొదటి పేజీ తిప్పి, చదివి, కాగితం బోర్లా పెట్టేసింది.

"ఏమైంది? కరిచిందా?" అన్నాడు జట్టులో ఆమె జోడీ కుబాత్, సమోసా నములుతూ.

కాపరి పేరు జోల్చుబెక్.

కాలేజీలో ఈ పోటీకి తయారుచేసేది తుర్సునై మేడమ్. పిల్లలంతా ఆమెని ఎజె అంటారు, అక్క అన్నట్టే. సన్నగా, పొడుగ్గా, కీచుగొంతుతో ఉంటుంది. గొంతు మీద, నిలబడే తీరు మీద, చేతుల మీద, ఎక్కడ ఆగాలి ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అన్నదాని మీద ఆవిడకి పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. చట్టం పుస్తకంలో దొరుకుతుంది, గొంతు ఎక్కడా దొరకదు అంటుంది. మొదటి రోజు సైరగుల్‌ని బల్ల ముందు నిలబెట్టింది.

"గౌరవ న్యాయస్థానం వారికి నమస్కారం. నేను ఇవాళ... ఆ... ఆ పెద్దమనిషి తరఫున—"

"ఏ పెద్దమనిషి?"

"గొర్రెలు చచ్చిపోయిన పెద్దమనిషి."

"ఆయనకి పేరు లేదా?"

"ఉంది ఎజే."

"మరి?"

"చాలా మంచి పేరు."

తుర్సునై కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "చూడమ్మా. వాది అనకు, పెద్దమనిషి అనకు. పేరు పెట్టి చెప్పు. కోర్టుకి కాగితాల మీద జాలి వెయ్యదు, మనిషి మీద వేస్తుంది. ఆ మనిషిని నువ్వు పేరుతో వాళ్ళ కళ్ళముందు నిలబెట్టాలి. ఇంకోటి, ఆ చూపేంటి, నేల మీద చిల్లర పారేసుకున్నావా? జడ్జీ మొహం చూసి మాట్లాడు. ఆ వంగడం ఏంటి? ఆ చేతులు పొట్ట మీద కట్టుకోవడం ఏంటి? పెళ్ళిచూపులకొచ్చావా?"

పాపం సైరగుల్ ఏం చేస్తుంది! కాలేజీలో ఎజె ఏది వద్దంటుందో ఇంట్లో అత్త అదే కావాలంటుంది. పొద్దున తల ఎత్తడం నేర్చుకుని సాయంత్రం దించుకోవాలి. పొద్దున గొంతు పెంచి సాయంత్రం తగ్గించుకోవాలి. మినీబస్సులో వచ్చేటప్పుడు ఎక్కడో బజారు దాటాక ఒక మనిషి దిగిపోయి ఇంకో మనిషి ఎక్కినట్టు ఉండేది. అప్పుడప్పుడు సరిగ్గా దిగేది కాదు కూడా. నూడుల్స్‌లో ఉప్పెక్కువైందనీ, పైగా మాంసం ఉడకలేదనీ అత్తగారు సాధిస్తుంటే, "ఆరోపణలో మొదటి భాగం ఒప్పుకుంటున్నాను, రెండో భాగానికి ఆధారం లేదు" అనేసింది ఒకసారి. ఉరుమ్‌కాన్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. మిర్లాన్ ఆ రోజు కోటాలో ఉన్న నవ్వంతా నవ్వేశాడు.

పేరు సంగతి చివరికి చెప్పక తప్పలేదు. విని తుర్సునై మండిపడింది.

"కాగితం మీద మనిషికీ మీ మామగారికీ ఏంటే సంబంధం! ఏ కాలంలో ఉన్నావు? రేపు నిజంగా లాయరువైతే, ఆ పేరున్న కక్షిదారు వస్తే బయటికి పొమ్మంటావా? సిగ్గుండాలి!"

"మీ మామగారి పేరేంటి ఎజే?" అంది సైరగుల్.

తుర్సునై నోరు తెరిచింది. మూసింది. చెవులు ఎర్రబడ్డాయి. గోడ గడియారం చూసింది, కిటికీ చూసింది. ఆఖరికి సుద్దముక్క తీసుకుని, గిరుక్కున తిరిగి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసింది. కుబాత్‌కి సమోసా అడ్డం తిరిగి దగ్గు తెర వచ్చింది.

"నేను నేర్పేదాన్ని, వాదించేదాన్ని కాదు. నాకు అవసరం లేదు" అంది తుర్సునై, బోర్డు తుడిచేస్తూ.

అక్కడి నుంచి రోజూ తరగతులు అయిపోయాక ఖాళీ గదిలో సాధన చేసేవాళ్ళు. మొదట సైరగుల్ ఆ పేరు పెదాలతో అంది. తర్వాత గుసగుసగా అంది. ఒకరోజు కళ్ళు గట్టిగా మూసుకుని "జోల్చుబెక్!" అని అరిచేసి, రెండు చేతులతో నోరు మూసుకుని, మామగారు ఎక్కడైనా ఉన్నారేమోనని తలుపు వైపు చూసింది. చీపురు పట్టుకున్న ఆయమ్మ తప్ప ఎవరూ లేరు. మరి కొన్ని రోజులకి తడుముకోకుండా పలకగలిగింది.

ఇంట్లో మాత్రం సాధన వేరే తీరుగా సాగేది. సైరగుల్ పిండి పిసుకుతూ వాదన అప్పజెప్పుకునేది. ఉరుమ్‌కాన్ సోఫాలో మోకాళ్ళకి వేడి కాపడం పెట్టుకుంటూ వినేది. మొదట్లో విననట్టు నటించింది. తర్వాత అడ్డం పడటం మొదలుపెట్టింది.

"ఆగాగు. ఆ పెద్దమనిషి పశువుల డాక్టర్ని పిలిచాడా లేదా?"

"పిలిచాడత్తయ్యా."

"మరి పిలిచినవాడు రోగం దాచాడంటారేం, వెధవలు? ఆ మాట ముందు చెప్పు. అంత వెనక్కి పెట్టావేం?"

ఏ జడ్జీ అన్ని ప్రశ్నలు అడిగి ఉండడు. వారం తిరిగేసరికి ఆవిడకి ఆ పెద్దమనిషి మీద తగని జాలి పుట్టింది. "పాపం, చలికాలం ఎలా గడిపాడో" అని మధ్యమధ్య నిట్టూర్చేది. ఆ పెద్దమనిషి పేరేంటని మాత్రం ఆవిడ అడగలేదు. ఆ ఇంట్లో పేరు లేని పెద్దమనుషులు మామూలే కదా.

పోటీలు మొదలయ్యాయి. మొదటి రౌండు చీటీలో గని వైపు వచ్చింది. అంటే ఆ పేరున్న మనిషిని ఎండగట్టాలి. ఇది ఇంకా ఘోరం. సైరగుల్ ఎండగట్టింది గానీ ఎంత మర్యాదగా ఎండగట్టిందని! "వారు గొర్రెల జబ్బు సంగతి చెప్పడం మరిచిపోయి ఉంటారు. వయసులో పెద్దవారు, ఎన్నో ఆలోచనలు ఉంటాయి, వారిని తప్పు పట్టడానికి మా నోరు రాదు" అంది, కళ్ళు దించుకుని. నిజంగానే రాదు మరి. కానీ జడ్జీలు అది కత్తిలాంటి వెటకారం అనుకున్నారు. ఇంత చల్లగా ఎదుటివాడి గొంతు కోసిన లాయర్ని ఈమధ్య చూడలేదని ఒకాయన మెచ్చుకుని మార్కులు గుమ్మరించాడు.

రెండో రౌండులో వాదన మంచి ఊపులో ఉండగా ఒక జడ్జీ ముందు గ్లాసు ఖాళీ కావడం ఆమె కంటబడింది. అంతే. కాళ్ళు వాటంతటవే నడిచాయి. మాట ఆపకుండానే బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కూజా ఎత్తి, కుడిచేత్తో గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, తల వంచి, వెనక్కొచ్చి నిలబడి వాక్యం పూర్తి చేసింది. కుబాత్ మొహం కాగితాల్లో దాచుకున్నాడు. తుర్సునై కుర్చీలోనే కిందికి జారిపోయింది. అయితే ఆ జడ్జీకి నిజంగా దాహం వేస్తోంది. ఆయన నీళ్ళు తాగి ఆ రౌండంతా ఒక్క ప్రశ్నా వెయ్యలేదు.

ఎలా అయితేనేం, ఫైనల్‌కి వచ్చారు. చీటీ తీస్తే ఈసారి కాపరి వైపు.

హాలు నిండిపోయింది. ఉరుమ్‌కాన్ మఖ్మల్ కోటు వేసుకుని, కొత్త రుమాలు కట్టుకుని, ఒక సంచీ నిండా వేడి బూరెలతో దిగింది. నేరుగా జడ్జీల బల్ల దగ్గరికి నడుస్తుంటే తుర్సునై పరిగెత్తి పట్టుకుంది.

"అయ్యాక పంచుదాం పెద్దమ్మా. ముందు పంచితే లంచం అవుతుంది."

"బూరెలు లంచమేంటి, విడ్డూరం కాకపోతే" అని గొణుక్కుంటూ ఆవిడ ముందు వరసలో కూర్చుంది. పక్కన జోల్చుబెక్, మెడ వరకు బొత్తాం పెట్టుకుని, కంచె తగాదా రోజున కూర్చున్నంత బిగుసుకుని కూర్చున్నాడు. వాళ్ళ బూట్లు కనబడగానే సైరగుల్‌కి ఖాళీ గదిలో నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది.

అయినా బాగా మాట్లాడింది. అత్తగారు చెప్పినట్టు పశువుల డాక్టర్ని ముందు పెట్టింది. గొంతు నిలకడగా ఉంది, ఆగాల్సిన చోట ఆగింది. పేరు ఒక్కటే రాలేదు. "ఆ పెద్దమనిషి" అంది, "నా కక్షిదారు" అంది, మళ్ళీ "ఆ పెద్దమనిషి" అంది. తుర్సునై గోళ్ళు కొరుక్కుంది. ఉరుమ్‌కాన్ మాత్రం ప్రతి మాటకీ తల ఊపుతూ, తర్వాతి మాట తనే ముందు పెదాలతో అనేస్తూ కూర్చుంది.

అప్పుడు గని తరఫున సంజార్ లేచాడు. తండ్రి పెద్ద లాయరు, కుర్రాడికి ఆ పొగరు నడకలోనే ఉంది. గొంతు మాత్రం గంటలా ఉంది, కాదనడానికి లేదు.

"గౌరవ న్యాయస్థానం వారికి మనవి. ఎదుటి పక్షం ఏం చెప్పినా, ఈ జోల్చుబెక్ అనే మనిషి—"

"ఆఁ?" అన్నాడు ముందు వరసలో జోల్చుబెక్, ఉలిక్కిపడి.

"నిశ్శబ్దం" అన్నారు జడ్జీల బల్ల దగ్గర్నుంచి.

"ఈ జోల్చుబెక్ అబద్ధాలకోరు. ఈ జోల్చుబెక్ తన గొర్రెలకి రోగం ఉందని తెలిసి కూడా ఇరుగుపొరుగుకి చెప్పలేదు. డబ్బుకి కక్కుర్తిపడి జోల్చుబెక్ చచ్చిన గొర్రెల్ని చూపించి ఏడుస్తున్నాడు. అసలు తన లాయరే పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడుతోందంటే, జోల్చుబెక్ ఎలాంటి మనిషో న్యాయస్థానం వారే గ్రహించగలరు."

ఉరుమ్‌కాన్ మొదటి పేరుకి తెల్లబోయింది. రెండోదానికి మొగుడి వైపు చూసింది. ఆయన కూడా ఆవిడ వైపే చూస్తున్నాడు, నేనేం చేశానే అన్నట్టు. కక్కుర్తి అన్న మాట దగ్గర ఆవిడ సంచీ పిడి మెలితిప్పడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ పిండి పిసుకుతూ కోడలు చెప్పిన ఆ పాపం పెద్దమనిషి ఎవరో, ఆ పేరు కోడలి నోట ఎందుకు రాలేదో ఆవిడకి అప్పుడు తెలిసింది.

జవాబు చెప్పడానికి సైరగుల్ మళ్ళీ లేచింది. మధ్యలో కూర్చున్నాయన రిటైరైన జడ్జీ, గుబురు కనుబొమలు. పెన్ను కింద పెట్టాడు.

"ఒక్క నిమిషం లాయరమ్మా. ఇందాకట్నుంచీ వింటున్నాను, ఆ పెద్దమనిషి, ఆ పెద్దమనిషి. ఇక్కడ పెద్దమనుషులం ముగ్గురం కూర్చున్నాం, మా గొర్రెలేమీ చావలేదు. మీ కక్షిదారు పేరేంటో చెప్పి అప్పుడు మొదలుపెట్టండి."

హాలంతా చూస్తోంది. సైరగుల్ నోరు తెరిచింది. ఖాళీ గదిలో అన్నిసార్లు వచ్చిన పేరు రాలేదు. మామగారి మొహం చూసింది, ఆయన గాభరాగా మీసం లాక్కుంటున్నాడు. ఇది చెప్పకపోతే ఓటమి, ఓడితే పిల్లలాటేనంటారు, ఇక దుకాణమే, ఆమెకి తెలుసు. తెలిసినా రాలేదు. ఏడుపొచ్చింది గానీ పేరు రాలేదు. పక్క నుంచి టైము చూసేవాళ్ళు గడువు అయిపోతోందన్న అట్ట ఎత్తి చూపించారు.

సంజార్ కూర్చున్నచోట నుంచే నవ్వాడు. "గుర్తురాకపోతే నేను అందిస్తాను."

ముందు వరసలో బూరెల సంచీ దబ్బున కింద పడింది.

"జోల్చుబెక్!" అంది ఉరుమ్‌కాన్.

ఆవిడ లేచి నిలబడి ఉంది. రుమాలు జారిపోయింది, సర్దుకోలేదు.

"జోల్చుబెక్ ఆయన పేరు! వినపడిందా? జోల్చుబెక్! రోగం దాచే మనిషి కాదు, కక్కుర్తి మనిషి అంతకంటే కాదు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, నాకు తెలీదా, నిన్నగాక మొన్న పుట్టిన ఈ కుంకకి తెలుసా? వీడు నోటికొచ్చినట్టు కూస్తుంటే మీరు ముగ్గురూ నీళ్ళు తాగుతూ కూర్చుంటారా?"

జోల్చుబెక్ అనే ఆ అసలు మనిషి, పెళ్ళాం మొహం కేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అమ్మా, మీరెవరు?" అన్నాడు గుబురు కనుబొమల జడ్జీ.

"ఎవరేంటి? ఆయన పెళ్ళాన్ని!"

జడ్జీ కేసు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "సాక్షుల్లో వాది భార్య ఉన్నట్టు లేదే" అన్నాడు. హాలు గొల్లుమంది. ఉరుమ్‌కాన్‌కి అప్పటికి గానీ తను ఏమన్నదో తెలిసిరాలేదు. ఒక్కసారిగా చేతులతో మొహం కప్పుకుని, కూలబడిపోయింది.

నవ్వులు ఆగాక సైరగుల్ తల ఎత్తింది. ఆ ముగ్గురి కళ్ళలోకీ వరసగా చూసింది.

"గౌరవ న్యాయస్థానం వారికి మనవి. నా కక్షిదారు పేరు ఇప్పుడే విన్నారు. ఆయన ఎలాంటివారో కూడా, ఆయనతో బతికినవాళ్ళ నోటే విన్నారు. ఇక గొర్రెల సంగతి చెబుతాను" అని మొదలుపెట్టింది. ఆ తర్వాత మాట్లాడింది చూడండి, నరిన్‌లో గుర్రం తరఫున వాదించిన పిల్ల మళ్ళీ దిగివచ్చింది. సంజార్ వేసిన ప్రతి మెలికా ఒక్కొక్కటిగా విప్పి, వాడి బల్ల మీదే పెట్టింది. చూపు దించలేదు, చేతులు కట్టుకోలేదు. తుర్సునై గోళ్ళు వదిలేసి ఏడ్చింది.

ఓడిపోయారు. ప్రేక్షకుల నుంచి సాయం అందినందుకు నిబంధన ప్రకారం మార్కులు కోసేశారు, కప్పు సంజార్ వాళ్ళకి వెళ్ళిపోయింది. కోయకపోతే ఎవరు గెలిచేవారో చెప్పనని గుబురు కనుబొమల జడ్జీ అన్నాడు గానీ, ఆయన సైరగుల్ దగ్గరికొచ్చి నాలుగు బూరెలు తిని వెళ్ళాడు. కుబాత్ మిగిలినవి తిన్నాడు.

ఇంటికి కార్లో వస్తున్నారు. జోల్చుబెక్ నడుపుతున్నాడు. పక్కన ఉరుమ్‌కాన్ రుమాలు మొహం మీదికి లాక్కుని కూర్చుంది. వెనక సీట్లో సైరగుల్, కోట్ల గుట్ట పక్కన ముడుచుకుని, కళ్ళు తుడుచుకుంటోంది. దుకాణమే ఇక. ఏ రంగు కర్టెన్ ఏ వరసలో ఉంటుందో గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

"దాని సంగతి తేల్చండి" అంది ఉరుమ్‌కాన్ రుమాలు లోపలి నుంచి.

"తేలిపోయింది కదే" అన్నాడు జోల్చుబెక్. "అది నిజమైన కోర్టే. ఉత్తుత్తిదైతే నీ నోట ఆ మాట వచ్చుండేదా? నలభై ఏళ్ళు. మనకి పిల్లలు పుట్టినప్పుడు రాలేదు, లారీ బోల్తాపడి నేను చస్తానని డాక్టర్లు చెప్పినప్పుడు రాలేదు. ఇవాళ వచ్చింది. చదువుకోనీ."

ఉరుమ్‌కాన్ రుమాలు తీసి వెనక్కి తిరిగింది. "చదవక చస్తుందా? దానికోసం నా పరువంతా ఆ హాల్లో పారబోసుకుని వచ్చాను. ఇంత పోగొట్టుకున్నాక మధ్యలో మానేస్తానంటే కాళ్ళు విరగ్గొడతాను. వినపడిందా? దుకాణంలో నేనే కూచుంటాను, ఓ కుర్చీ వేయించండి చాలు."

"వినపడిందత్తయ్యా" అంది సైరగుల్. చేతులు రెండూ సీటు మీదుగా చాచి అత్తగారి భుజాలు పట్టుకుంది. అత్తగారు ఆ చేతుల మీద ఒక్క దెబ్బ వేసింది గానీ, తీసేయలేదు.

వాళ్ళ సందు వచ్చింది. జోల్చుబెక్ ఇంటి ముందు ఆపకుండా ముందుకి పోనిచ్చాడు.

"ఏవండీ, ఇల్లు దాటిపోయింది."

"తెలుసు."

"మరి?"

"ఇంకొక్కసారి అను."

"ఏంటి అనేది! కోడలుంది వెనకాల. బుద్ధి లేకపోతే సరి."

"నువ్వు అనేదాకా ఇంటికి పోను. పెట్రోలు నిండా ఉంది" అన్నాడాయన, చుట్టు తిప్పి మళ్ళీ అదే సందు మొదటికి తెచ్చి, మళ్ళీ దాటించేస్తూ. ఆయన గొంతు ఎప్పటిలాగే సాధువుగానే ఉంది, కానీ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఉరుమ్‌కాన్ తిట్టింది, బతిమాలింది, దిగిపోతానంది. కారు మళ్ళీ చుట్టు తిరిగింది. మిర్లాన్ గేటు దగ్గర నిలబడి, తన ఇంటి ముందు నుంచి తన వాళ్ళే పదేపదే ఎందుకు వెళ్ళిపోతున్నారో తెలియక చూస్తున్నాడు.

ఉరుమ్‌కాన్ ఆఖరికి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కోడలు వెంటనే రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. మూసుకున్నా, ఆ పేరు చాలా మెల్లగా, కొత్త పెళ్ళికూతురు గొంతుతో వినపడింది.